ఎస్‌ఓపీ: చేసిన పని, సొంత మాటల్లో

(గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ హాల్లో చాలామంది వచ్చే ఏడాది ఎంఎస్‌కి వెళ్లే ఆలోచనలో ఉన్నారని మీ హెచ్‌ఓడీ గారు చెప్పారు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3 లక్షల 31 వేల పైచిలుకు. అందులో 1 లక్షా 96 వేల మందికి పైగా మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లే. ఆ ఏడాదే మనం చైనాను దాటి మొదటి స్థానంలోకి వచ్చాం. అందులో తెలుగువాళ్లు ఎంతమందో మీ సీనియర్ల వాట్సాప్ గ్రూపులు చూస్తే మీకే తెలుస్తుంది. అంటే మీ అప్లికేషన్ పక్కన ఉండేది చాలాసార్లు ఇంకో తెలుగు విద్యార్థి అప్లికేషనే. అవే సబ్జెక్టులు, ఇంచుమించు అదే సీజీపీఏ, అవే ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు. మీరిద్దరూ వేరువేరు మనుషులని చదివేవాళ్లకి తెలియాలంటే దిక్కు ఆ రెండు పేజీల ఎస్‌ఓపీయే, అంటే ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో మీరు రాసి పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అనే వ్యాసమే. ఆ రెండు పేజీలనే మనం డబ్బిచ్చి ఇంకొకరితో రాయించుకుంటున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. దాని గురించి మాట్లాడటానికే వచ్చాను.

ముందు ఈ కాగితం ఎవరి చేతికి వెళుతుందో చెబుతాను. నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను, అడ్మిషన్ కమిటీలో కూర్చుంటాను. డిసెంబర్‌లో గడువు ముగుస్తుంది. సెమిస్టర్ గ్రేడ్లు వేసేశాక, సెలవుల్లోనూ జనవరిలోనూ ఫైళ్లు పంచుకుని చదువుతాం. చదివేది పాఠాలు చెప్పే, రీసెర్చ్ చేసే ప్రొఫెసర్లు. మొదటి విడతలో ఒక్కో ఫైలుకి దొరికేది కొద్ది నిమిషాలు. పీహెచ్‌డీ ఫైలైతే ఆ ప్రొఫెసర్ మనసులో ఉండేది ఒకే ప్రశ్న: ఈ అమ్మాయితో, ఈ అబ్బాయితో ఐదారేళ్లు కలిసి పనిచేయగలనా? ఎందుకంటే చాలాచోట్ల విద్యార్థికి స్టైపెండ్ వెళ్లేది ఆయన రీసెర్చ్ కోసం తెచ్చుకున్న గ్రాంటు డబ్బులోంచే. ఎంఎస్ ఫైలైతే ప్రశ్న కాస్త వేరు: మా కోర్సులు తట్టుకుంటారా, ఎందుకు వస్తున్నారో తెలిసే వస్తున్నారా? ఈ ప్రశ్నలకి జవాబు వెతుక్కుంటూ చదివే మనిషిని ఊహించుకుని రాయండి. ఆయన మిమ్మల్ని ఎలా తీసేద్దామా అని కూర్చోడు. మంచి విద్యార్థి దొరికితే ఆయనకే లాభం.

అలాంటి మనిషి ముందుకు మన దగ్గర నుంచి ఏం వస్తోంది? ఒకటి కలాం గారి కలల మాటతో మొదలవుతుంది. ఇంకొకటి "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఎనలేని ఆసక్తి" అని మొదలవుతుంది. మరొకటి ఆరో తరగతిలో నాన్నగారు కంప్యూటర్ కొనిపెట్టిన రోజుతో. తర్వాతి పేరాలో పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు. ఆపైన సింపోజియంలో రెండో బహుమతి, ఎన్‌ఎస్‌ఎస్‌లో మొక్కలు నాటడం. చివర్లో "మీ విశ్వవిద్యాలయపు ప్రపంచ స్థాయి ఫ్యాకల్టీ, అత్యాధునిక ల్యాబులు." కలాం గారంటే నాకూ మీ అంత గౌరవమే. కానీ ఆయన మాట ఆయన గురించి చెబుతుంది, మీ గురించి చెప్పదు. మార్కులు ట్రాన్స్‌క్రిప్టులో ఉన్నాయి, బహుమతులు రెజ్యూమేలో ఉన్నాయి. అవన్నీ మళ్లీ రాస్తే, చదివేవాళ్లకి మీ గురించి కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు.

ఈ జబ్బు మనకొక్కళ్లకే లేదు. బ్రిటన్‌లో డిగ్రీ అడ్మిషన్లు చూసే యూకాస్ అనే సంస్థ 2007లో సుమారు 50 వేల పర్సనల్ స్టేట్‌మెంట్లను ఒకదానితో ఒకటి పోల్చి చూసింది. ఎనిమిదేళ్ల వయసులో ఏదో ప్రయోగం చేస్తుంటే పైజమా కాలి చిల్లు పడిందని, సైన్స్ మీద ఇష్టం అలా మొదలైందని 234 మంది రాశారు. నెట్‌లో దొరికిన ఒక నమూనా అందరికీ నచ్చింది, అంతే. ఆ కథ మొదట రాసిన పిల్లవాడికి నిజంగానే పైజమా కాలిపోయి ఉండొచ్చు. మిగతావాళ్ల వల్ల అతని నిజం కూడా అబద్ధమైపోయింది. ఇప్పుడైతే ఇలా పోల్చి చూసే సాఫ్ట్‌వేర్లు అడ్మిషన్ ఆఫీసుల కోసమే తయారై అమ్ముడవుతున్నాయి. అమీర్‌పేటలోనో, ఇక్కడే బ్రాడీపేటలోనో మీరు కొనుక్కున్న పేరా ఇంకెంతమందికి అమ్మారో మీకు తెలియదు. తెలిసే వీలున్నది అవతలివాళ్లకే.

సరే, ఏం రాయకూడదో ఎంతసేపైనా చెప్పొచ్చు. ఏం రాయాలో ఒక ఎస్‌ఓపీని దగ్గరగా చూసి మాట్లాడుకుందాం. రాసిన అమ్మాయి పేరు చెప్పను. ఇక్కడ చెప్పడానికి తను ఒప్పుకుంది. పల్నాడు వైపు ఊరు, మిరప సాగు చేసే ఇల్లు. ఫైనలియర్ ప్రాజెక్టు: ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే ప్రోగ్రామ్. మీలో కూడా కనీసం నాలుగైదు టీములు ఇలాంటిదే చేస్తుంటాయి. తను పంపిన మొదటి డ్రాఫ్టులో దాని గురించి ఉన్నది ఒక్కటే వాక్యం: "డీప్ లెర్నింగ్ సాయంతో మొక్కల తెగుళ్లను గుర్తించే వ్యవస్థను రూపొందించి 98 శాతం ఖచ్చితత్వం సాధించాను."

ఫోన్ చేసి అడిగాను, "ఆ 98 ఎక్కడిదమ్మా?" అని.

"ప్లాంట్‌విలేజ్ డేటాసెట్ మీద మేడమ్."

ప్లాంట్‌విలేజ్ మీకు తెలిసే ఉంటుంది. 14 పంటలు, 54 వేలకు పైగా ఆకుల ఫొటోలు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. "మరి మీ తోటలో ఆకు మీద పెట్టి చూశావా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "చూశాను మేడమ్. పనిచేయలేదు. అందుకే రాయలేదు."

పనిచేయనప్పుడు ఏం జరిగిందో చెప్పమన్నాను. అప్పుడు చూడాలి ఆ అమ్మాయి ఎంత బాగా చెప్పిందో! ఆకు అంచులు పైకి ముడుచుకుని ఉన్నాయట. వాళ్ల నాన్న చూడగానే "పై ముడత, తామర పురుగు పని" అన్నారట. నల్లి పడితే ఆకు కిందికి ముడుచుకుంటుంది, తామర పడితే పైకి ముడుచుకుంటుంది, మిరప రైతుకి అది చూపు ఆనగానే తెలుస్తుంది. ప్రోగ్రామ్ మాత్రం, ఆకు ఆరోగ్యంగా ఉందని చెప్పింది. పైగా గట్టి నమ్మకంతో చెప్పింది.

ఈ అమ్మాయి అక్కడితో వదిలేయలేదు. డేటాసెట్‌లో ఫొటోలన్నీ ఒక్క ఆకును కోసి సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి. తోటలో తీస్తే ఎండ, నీడ, డ్రిప్పు పైపు, వెనక పది ఆకులు అన్నీ పడతాయి. తేడా అందువల్లేనేమో అనుకుని, కొన్ని ఆకులు కోసి ఇంటికి తెచ్చి బూడిదరంగు అట్ట మీద పెట్టి మళ్లీ ఫొటోలు తీసింది. అయినా తప్పే చెప్పింది. అప్పుడు డేటాసెట్‌లో ఏముందో వరసగా చూసుకుంది. అందులో ఉన్నది మన సన్న మిరప కాదు, క్యాప్సికమ్. దానికి ఉన్న లేబుళ్లు రెండే: ఒకటి బ్యాక్టీరియా మచ్చ తెగులు, రెండోది ఆరోగ్యమైన ఆకు. మిరప ఆకుకి ముడత వస్తుందన్న మాటే ఆ ప్రోగ్రామ్‌కి ఎవరూ నేర్పలేదు. మచ్చ లేదు కాబట్టి ఆరోగ్యం అంది. "నాకు తెలియదు" అని చెప్పే దారి దానికి లేదు.

వింటున్నారా? ఆ చివరి మాట ఒక పెద్ద రీసెర్చ్ సమస్య. తనకు నేర్పని సంగతి ఎదురైనప్పుడు మోడల్, అంటే ఇలా ఉదాహరణలు చూపించి నేర్పిన ప్రోగ్రామ్, ఆ విషయం ఎలా గుర్తుపట్టాలన్నది మా రంగంలో ఎందరో పనిచేస్తున్న ప్రశ్న. అవుట్ ఆఫ్ డిస్ట్రిబ్యూషన్ డిటెక్షన్ అంటారు. ఈ అమ్మాయి ఆ పేరు వినకముందే, వాళ్ల తోటలో నిలబడి ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది. వచ్చి, పనిచేయలేదని సిగ్గుపడి దాచిపెట్టింది.

తర్వాత చదవమని ఒక రీసెర్చ్ పేపర్ పంపాను. ప్లాంట్‌విలేజ్ మీద 2016లో వచ్చిన, అందరూ ఉదహరించే పేపర్. ఆ డేటాసెట్ లోపల 99 శాతానికి పైగా వచ్చిన మోడల్, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల మీద 31 శాతం దగ్గరికి పడిపోయిందని అది రాసినవాళ్లే అందులో చెప్పుకున్నారు. దాచలేదు. "మేడమ్, వాళ్లు కూడా రాశారా!" అంది. రాస్తారమ్మా, రీసెర్చ్ అంటేనే అది.

తను తిరగరాసిన పేరా తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "మా మోడల్ డేటాసెట్ మీద 98 శాతం సరిగ్గా చెప్పింది. మా పొలంలో తామర పురుగు ముడత ఉన్న ఆకులను ఆరోగ్యంగా ఉన్నాయంది. కారణం బ్యాక్‌గ్రౌండ్ అనుకుని, అవే ఆకులను అట్ట మీద పెట్టి మళ్లీ ఫొటోలు తీశాను. ఫలితం మారలేదు. శిక్షణలో మిరపకు ఈ లక్షణమే లేదని, తెలియదని చెప్పే వీలు మేం మోడల్‌కి ఇవ్వలేదని అప్పుడు అర్థమైంది. తెలియనిదాన్ని తెలియదని చెప్పగలిగే మోడళ్ల మీద పనిచేయాలని ఉంది." ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ చదివిన ప్రొఫెసర్ ఆ మనిషిని గుర్తుపెట్టుకుంటాడు. ఏదో అనుమానం వచ్చింది, దాన్ని తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేసింది, తేలినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. ఐదారేళ్లు కలిసి పనిచేయడానికి మేం వెతికేది ఈ గుణాన్నే.

మీ అందరి ప్రాజెక్టుల్లోనూ ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. "మాది చిన్న ప్రాజెక్టు మేడమ్, పేపర్ కూడా పడలేదు" అంటారు. చిన్నదైనా పర్వాలేదు. సర్వర్ ఎందుకు పడిపోయిందో రాత్రంతా కూర్చుని వెతికిన సంగతి, సెన్సర్ రీడింగులు మధ్యాహ్నం మాత్రమే తేడాగా ఎందుకు వస్తున్నాయో కనిపెట్టిన సంగతి, టీములో నలుగురూ ఒక పద్ధతి అంటే మీరొక్కరే ఇంకొకటి ఎందుకన్నారన్న సంగతి. వాటిని చిన్నవని మీకు మీరే కొట్టేసుకుని, ఆ స్థానంలో పెద్ద పెద్ద విశేషణాలు పెడుతున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే. కోపం మీ మీద కాదు. మీ పని మీద మీకు చిన్నచూపు కలిగేలా చేసినవాళ్ల మీద.

రాయడం ఎలా మొదలుపెట్టాలి? ల్యాప్‌టాప్ తెరవకండి. మీ రూమ్మేట్‌ని కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఆ ప్రాజెక్టు గురించి తెలుగులో చెప్పండి. వేరే బ్రాంచివాళ్లయితే ఇంకా మంచిది, అడ్డం తగిలి "అదేంటి, అలా ఎందుకు చేశావ్?" అని అడుగుతారు. ఆ అడిగినచోట మీరు చెప్పే జవాబే మీ ఎస్‌ఓపీ. తర్వాత రికార్డింగ్ విని కాగితం మీద పెట్టండి, ఆపైన ఇంగ్లీషులోకి తెచ్చుకోండి. ఇంగ్లీషు సాదాగా ఉంటే చాలు. నిఘంటువులోంచి తెచ్చిపెట్టిన మాటలు మా కంట్లో వెంటనే పడతాయి. తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లల ఎస్‌ఓపీలు, చిన్న చిన్న వాక్యాల్లో, ఎంతో స్పష్టంగా ఉన్నవి నేను చదివాను. గ్రామర్ ఒకరి చేత చూపించుకోండి, అంతవరకూ తప్పులేదు.

చాట్‌జీపీటీ సంగతి మీరు అడగకముందే చెబుతాను. కొన్ని యూనివర్సిటీలు అప్లికేషన్‌లోనే దీని గురించి నిబంధన పెడుతున్నాయి, సొంతంగా రాశానని మీ చేత ఒప్పుకోలు తీసుకుంటున్నాయి. అది చదవకుండా టిక్ కొట్టకండి. నిబంధన లేనిచోట కూడా, మీ తోటలో ఆకు ఎటు ముడుచుకుందో దానికి తెలియదు. మీరు చెప్పకపోతే అది రాసేది అందరికీ రాసే వాక్యాలే. చెప్పగలిగితే, రాయడం కూడా మీరే రాయగలరు.

ఇంటి సంగతులు, కష్టాలు రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. అడిగినచోట రాయాలి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ లాంటి చోట్ల రెండు వేరు వేరు వ్యాసాలు అడుగుతారు: ఒకటి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఇంకొకటి పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్. మొదటిదాంట్లో మీ పని, మీ ప్రశ్న. రెండోదాంట్లో మీరెక్కడి నుంచి వచ్చారు, ఆ నేపథ్యం మిమ్మల్ని ఈ చదువు వైపు ఎలా నడిపించిందన్నది. ఇందాక చెప్పిన అమ్మాయి రెండోదాంట్లో 2021 సంగతి రాసింది. ఆ ఏడాది నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు మిరపను ఎంత దెబ్బకొట్టిందో మీ ఇళ్లలోనూ తెలిసే ఉంటుంది. పూత రాలిపోయి వాళ్ల నాన్న తోట పీకేశారు. జాలి కోసం ఒక్క ముక్క రాయలేదు. తెగులు పేరు ఆలస్యంగా తెలిస్తే రైతుకి ఏమవుతుందో రాసింది. ఆ రెండు కాగితాలూ కలిపి చదివితే మనిషి కళ్లకు కడుతుంది. రెండింట్లోనూ ఒకే పేరాను అతికించేవాళ్లు ఈ అవకాశం వదులుకుంటున్నారు. జర్మనీకి మోటివేషన్ లెటర్ అంటారు, బ్రిటన్‌కి ఎక్కువగా పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు. ఏదైనా సరే, ఆ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో అడిగిన ప్రశ్న, పెట్టిన పదాల పరిమితి ముందు చదవండి. ప్రశ్నకి జవాబు లేని వ్యాసం ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

"మీ యూనివర్సిటీయే ఎందుకు" అన్న పేరా గురించి. ఆ పేరాలో యూనివర్సిటీ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చూడండి. అర్థం చెడకపోతే ఆ పేరా వృథా. వెబ్‌సైట్ చూసి నలుగురు ప్రొఫెసర్ల పేర్లు వరసగా రాయడం కూడా అలాంటిదే. ఒక్కరి పేపర్ ఒక్కటి పూర్తిగా చదవండి. అర్థమైనంతే రాయండి. అందులో మీకు మిగిలిపోయిన ప్రశ్న ఉంటే అది రాయండి. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడో, వేరే చోటికి మారిపోయాడో చూసుకోండి. అప్లికేషన్ ఫీజు చాలాచోట్ల 75 నుంచి 150 డాలర్లు. పదిహేను చోట్లకి గుడ్డిగా పంపే డబ్బుతో, టైముతో, ఆరేడు చోట్లకి శ్రద్ధగా పంపొచ్చు.

ఎంఎస్ మాత్రమే చేసి ఉద్యోగం చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. రీసెర్చ్ మీద లేని ప్రేమ నటించకండి. కోర్సులతో పూర్తయ్యే ఎంఎస్‌లు చాలా ఉన్నాయి, వాటికి వచ్చేవాళ్లు ఉద్యోగానికే వస్తారని మాకు తెలుసు. ఇంటర్న్‌షిప్‌లో డేటాబేస్ నెమ్మదిగా నడుస్తుంటే ఎందుకో తెలియక ఇబ్బంది పడ్డారు, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ లోతుగా నేర్చుకోవాలని ఉంది. ఇది నిజమైన కారణం, గౌరవమైన కారణం. అలాగే రాయండి.

ఇక్కడున్న లెక్చరర్లకు ఒక విన్నపం. రికమెండేషన్ లెటర్ అడిగితే "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అనడం మన దగ్గర అలవాటైపోయింది. మీకు పని ఎంత ఎక్కువో నాకు తెలుసు. అరవైమంది క్లాసు, పైన ల్యాబులు, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ తనిఖీల పనులు. కానీ మూడు లెటర్లూ, ఎస్‌ఓపీ ఒకే చేతి రాత అయినప్పుడు అది మాకు కనిపిస్తుంది. నష్టపోయేది మీ విద్యార్థి. పిల్లల దగ్గర ఒక పేజీ తీసుకోండి: ఏ సబ్జెక్టు చెప్పారు, ఏ ప్రాజెక్టు చేయించారు, ఆ పిల్ల ఏ ప్రశ్న అడిగింది. దాన్ని పెట్టుకుని మీకు నిజంగా గుర్తున్న ఒక్క సంఘటన పది వాక్యాల్లో రాయండి. "కష్టపడే విద్యార్థి, క్రమశిక్షణ గల విద్యార్థి" అన్న పేజీ కంటే అది ఎంతో మేలు. పంపేటప్పుడు కాలేజీ ఈమెయిల్ నుంచే పంపండి.

ఇక ప్రశ్నలు అడగండి.

"మేడమ్, నాకు సెకండియర్‌లో మూడు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. క్లియర్ చేశాను. ఎస్‌ఓపీలో రాయాలా, వదిలేయాలా?"

ట్రాన్స్‌క్రిప్టులో కనిపిస్తాయి కాబట్టి దాచడమన్నది కుదరదు బాబూ. కారణం ఉంటే రెండు వాక్యాల్లో చెప్పు: ఏమైంది, తర్వాత ఏం మారింది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, నీ ఆరోగ్యమా, అంతవరకే. క్షమాపణ పేరా రాయకు. అప్లికేషన్‌లో అదనపు సమాచారం అని ప్రత్యేకంగా గడి ఉంటే అక్కడ రాయి, ఎస్‌ఓపీలో చోటు మిగులుతుంది. తర్వాతి సెమిస్టర్లలో ఆ సబ్జెక్టుకి దగ్గరగా ఉన్న కోర్సులో బాగా చేసి ఉంటే అది తప్పకుండా చెప్పు. మ్యాథ్స్‌లో పోయి, తర్వాత మెషీన్ లెర్నింగ్‌లో మంచి గ్రేడ్ వస్తే, కమిటీ చూసేది రెండోదాన్నే.

"జీఆర్ఈ పరీక్ష లేకుండా అప్లై చేస్తే ఎస్‌ఓపీకి వెయిటేజీ పెరుగుతుందా మేడమ్?"

కరోనా తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ అడగడం మానేశాయి. అలాంటిచోట మా చేతిలో మిగిలేది మార్కులు, లెటర్లు, ఈ వ్యాసం. కాబట్టి అవును, పెరుగుతుంది.

"ఎప్పుడు మొదలుపెట్టాలి?"

ఇప్పుడు ఆగస్టు. మంచి ప్రోగ్రాములకి గడువు డిసెంబర్ 1 నుంచి 15 లోపు పడుతుంది. ఈ నెలలో రికార్డింగ్ పని అయిపోవాలి. సెప్టెంబర్‌లో మొదటి డ్రాఫ్టు. రాశాక వారం పక్కనపెట్టి మళ్లీ చదవండి. అక్టోబర్‌లో ఒక్కో యూనివర్సిటీకి తగ్గట్టు చివరి పేరాలు, అడిగినచోట పర్సనల్ హిస్టరీ. లెటర్లు ఇచ్చే సార్లకి, మేడమ్‌లకి అక్టోబర్‌లోనే చెప్పి, నవంబర్ మొదటి వారానికల్లా వాళ్లకి లెటర్ అప్‌లోడ్ చేసే లింకులు వెళ్లేలా చూసుకోండి. నవంబర్‌లో మీకు మిడ్ ఎగ్జామ్స్ ఉంటాయి కదా, ఆ టెన్షన్‌లో కొత్తగా రాయడానికి ఏమీ మిగుల్చుకోవద్దు. డ్రాఫ్టులు తెచ్చుకున్నవాళ్లు భోజనం తర్వాత సెమినార్ హాలుకి రండి, సాయంత్రం దాకా అక్కడే ఉంటాను. ఒక్కొక్కరిదీ కూర్చుని చూద్దాం.